విజయవాడలో కారు ముందు అద్దాల మరమ్మతు పని పెట్టుకోవడం: షెడ్డు ముందా, చేతిపని ముందా?

కానూరు_మెకానిక్

అందరికీ నమస్కారం. నేను ఏడేళ్లుగా ఒక కార్ల సర్వీసు కేంద్రంలో బాడీ షాపు విభాగంలో పనిచేస్తున్నాను. కంకర రాయి తగిలి పెసరగింజంత దెబ్బ తిన్న ముందు అద్దాన్ని బాగుచేసే ప్రయత్నమే లేకుండా, మొత్తం అద్దం మార్చి బిల్లు వేయడం వారానికి రెండు మూడుసార్లు చూస్తున్నాను. ఆ దెబ్బలోకి రెసిన్ (గట్టిపడే పారదర్శకమైన జిగురు) ఎక్కించి పూడ్చే పని నేర్చుకుని సొంతంగా పెట్టుకోవాలన్నది నా కోరిక.

నా దగ్గర 6 లక్షల రూపాయలున్నాయి. అందులో 2 లక్షలు మా అత్తగారి పొలం కౌలు డబ్బు, కాబట్టి అది పోతే ఇంట్లో తలెత్తుకోలేను. ఆటోనగర్‌లో ఒక షెడ్డు దొరుకుతోంది. లక్షన్నర అడ్వాన్సు, నెలకు 18,000 అద్దె అంటున్నారు. ఎక్కువగా తిరిగే కార్లకు సరిపోయే 30 అద్దాలు నిల్వ పెట్టి, వాటితోపాటు మరమ్మతు కూడా చేద్దామనుకుంటున్నాను. ఈ రంగంలో ఉన్న పెద్దలు ఈ ఆలోచనలోని లోపాలను మొహమాటం లేకుండా చెప్పాలని కోరుతున్నాను.

ఆటోనగర్_అద్దాల_పని

తమ్ముడూ, మొహమాటం వద్దన్నారు కాబట్టి నేరుగా చెబుతాను. నేను 22 ఏళ్లుగా అద్దాలు మార్చే పనిలో ఉన్నాను. అద్దం మార్చడం ఒక వ్యాపారం, అద్దం బాగుచేయడం మరొక వ్యాపారం. మీరు రెండింటినీ ఒకే డబ్బుతో మొదలుపెట్టబోతున్నారు.

ముందుగా ఆ 30 అద్దాల సంగతి చూద్దాం. ఒకే పేరున్న కారులో కూడా వాన సెన్సరు ఉన్నదానికి ఒక అద్దం, లేనిదానికి ఒక అద్దం, కెమెరా బిగించే బ్రాకెట్ ఉన్నదానికి ఇంకొక అద్దం ఉంటాయి. మీరు పెట్టిన 30లో వచ్చిన బండికి సరిపోయేది ఉండకపోవడమే ఎక్కువసార్లు జరుగుతుంది. పైగా అద్దాలను పడుకోబెట్టకుండా, చెక్క స్టాండులో నిలబెట్టి, మధ్యలో మెత్తలు వేసి ఉంచాలి. ఒక్క మూల గోడకు తగిలిందంటే ఆ నెల లాభం పోయినట్టే. ఆటోనగర్‌లో ఉన్న సౌకర్యమే ఏమిటంటే, ఫోను చేస్తే గంటలోపు డీలరు అద్దాన్ని ఆటోలో పంపిస్తాడు. అలాంటి చోట నిల్వ కోసం మూడు లక్షలు కట్టిపెట్టడం ఎందుకు?

రెండవది, మార్పిడి పని మీరు చూసినంత తేలికైనది కాదు. పాత లారీలకు, బస్సులకు రబ్బరు బీడింగు ఉండేది కాబట్టి, ఆ గాడిలో తాడు పెట్టి లోపలి నుంచి లాగుతూ అద్దాన్ని కూర్చోబెట్టేవాళ్లం. ఇప్పటి కార్లకు అద్దాన్ని యూరిథేన్ జిగురుతో అతికిస్తారు. పాత జిగురును తీగతో కోసేటప్పుడు ఫ్రేము మీద గీత పడి, దానికి ప్రైమర్ వేయకుండా వదిలేస్తే, రెండు వర్షాకాలాలు గడిచేసరికి అక్కడ తుప్పు పుట్టి నీరు కారుతుంది. జిగురు ఆరకముందే బండిని రోడ్డెక్కిస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగు తెరుచుకునేటప్పుడు ఈ అద్దాన్నే ఆనుకుంటుంది. మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వంటి కార్ల ఖరీదైన రకాల్లో అద్దం వెనుక ముందు దారిని గమనించే కెమెరా ఉంటుంది. అద్దం మార్చిన తరువాత ఆ కెమెరా గురిని మళ్లీ సరిచేయాలి, అందుకు కావలసిన పరికరం మీ 6 లక్షల్లో ఇమడదు.

నా సలహా ఏమిటంటే షెడ్డు వద్దు, నిల్వ వద్దు. మరమ్మతు ఒక్కటే నేర్చుకుని, మార్చవలసిన బండి వస్తే నాలాంటి వాడికి పంపి కమీషన్ తీసుకోండి.

గుంటూరు_రెసిన్

అన్నగారు చెప్పినదానితో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తున్నాను. నేను గుంటూరులో స్కూటరు మీద తిరుగుతూ ఈ మరమ్మతు ఒక్కటే ఆరేళ్లుగా చేస్తున్నాను. అడిగారు కాబట్టి పనిని కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు అద్దం నిజానికి రెండు గాజు పలకలు. వాటి మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర, సుమారు ముప్పావు మిల్లీమీటరు మందంతో ఉంటుంది. రాయి తగిలినప్పుడు సాధారణంగా బయటి పలక ఒక్కటే దెబ్బతింటుంది, అందుకే ఈ మరమ్మతు సాధ్యమవుతోంది. తలుపుల అద్దాలు గట్టిపరిచిన ఒంటి పలకలు కాబట్టి అవి పగిలితే పటికబెల్లం ముక్కల్లా రాలిపోతాయి. వాటికి మరమ్మతు అనేదే లేదు. వారానికి ఒక్కరైనా తలుపు అద్దం బాగుచేస్తారా అని ఫోను చేస్తారు. ఆ మాట ఫోనులోనే చెప్పేస్తే పెట్రోలు మిగులుతుంది.

దెబ్బ నల్లగానో వెండిరంగుగానో కనిపించడానికి కారణం అందులో చేరిన గాలి. ఆ గాలిని తీసేసి, గాజు ఎలా కాంతిని వంచుతుందో ఇంచుమించు అలాగే వంచే రెసిన్‌ను నింపితే మచ్చ చాలావరకు కనుమరుగవుతుంది. ఇందుకోసం అద్దానికి అతుక్కునే చూషక కప్పు మీద ఒక వంతెన బిగించి, దాని నడుమ ఉన్న ఇంజెక్టరును సరిగ్గా దెబ్బ నోటి మీద కూర్చోబెడతాం. అంతకుముందు సన్నని సూదితో రాలిపోయే గాజు పొడిని తీసేయాలి. తరువాత ఒకసారి గాలిని లాగడం, ఒకసారి రెసిన్‌ను నొక్కడం, మళ్లీ లాగడం. లోపలి వైపు చిన్న ముఖం అద్దం పెట్టి చూస్తుంటే నల్లని రేకలు ఒక్కొక్కటిగా మాయమవుతాయి. చివరి రేక కొస నిండేదాకా లాంపు వెలిగించకూడదు. నేర్చుకునేవారు ఎక్కువగా తప్పుచేసేది ఇక్కడే. అతినీలలోహిత లాంపుతో గట్టిపడిన రెసిన్‌ను వెనక్కి తీయలేం, లోపల మిగిలిన గాలి అక్కడే ఉండిపోతుంది. ఆ తరువాత నోటి గుంటలో చిక్కటి రెసిన్ చుక్క వేసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, మళ్లీ లాంపు పెట్టి, బ్లేడును నిలువుగా పట్టుకుని గీకి మెరుగు పెడతాం. మొత్తం అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది.

ఇక మన ఎండ గురించి చెప్పాలి, ఎందుకంటే యూట్యూబులో చూపించే విదేశీ వీడియోల్లో ఈ సంగతి అంతగా కనిపించదు. మే నెలలో గుంటూరులోనైనా బెజవాడలోనైనా ఎండలో నిలిపిన కారు అద్దం మీద చేయి పెట్టలేం. ఆ వేడిలో రెసిన్ నీళ్లలా పలుచబడి జారిపోతుంది. ఎండలోనూ అతినీలలోహిత కాంతి ఉంటుంది కాబట్టి పని సగంలో ఉండగానే రెసిన్ బిగుసుకుంటుంది. వేడెక్కిన గాజును ఇంజెక్టరుతో నొక్కితే పగులు సాగుతుంది. త్వరగా చల్లబడాలని నీళ్లు చల్లడం, ఏసీని అద్దం వైపు తిప్పడం మహా పొరపాటు. బండిని నీడకు తీసి, తలుపులు తెరిచి, అరగంట ఆగాలి. నేను వేసవిలో ఉదయం 6 నుంచి 10 వరకు, సాయంత్రం 5 తరువాత మాత్రమే పనులు ఒప్పుకుంటాను. నల్లని గొడుగు ఒకటి ఎప్పుడూ స్కూటరు మీద ఉంటుంది.

నేర్చుకోవడానికి ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో తీసిపారేసిన ముందు అద్దాలు తెచ్చుకోండి. మొనదేలిన పంచ్ పనిముట్టుతో మీరే దెబ్బలు కొట్టి, వాటిని మీరే పూడ్చండి. నేను కస్టమరు కారు ముట్టుకునే ముందు 100కు పైగా దెబ్బలు పూడ్చాను. మొదటి 40 చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బందరు_రోడ్డు_వాసి

ఈ పని చేసేవారికి వినియోగదారుడి వైపు నుంచి ఒక మాట చెప్పదలిచాను. గత ఏడాది నా కారు అద్దానికి నక్షత్రంలా ఒక పగులు వస్తే, నగరంలోని ఒక దుకాణంలో 1,200 రూపాయలు ఇచ్చి బాగుచేయించుకున్నాను. మూడవ రోజు మధ్యాహ్నం ఏసీ వేయగానే ఆ పగులు అటు చివరి వరకు సాగిపోయింది. దుకాణానికి వెళ్లి అడిగితే, గ్యారంటీ ఇస్తామని ఎవరు చెప్పారని ఎదురు ప్రశ్న వేశారు. సాగే అవకాశం ఉందని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. ఆనాటి నుంచి ఈ రెసిన్ పని మొత్తం మోసమే అనే అభిప్రాయం నాలో ఉండిపోయింది.

గుంటూరు_రెసిన్

మీ కోపం న్యాయమైనదే అండి. నక్షత్రం పగుళ్లు అన్నింటికంటే మొండివి. వాటి కాళ్ల కొసలు సన్నగా ఉండి రెసిన్ అక్కడిదాకా చేరదు. కొస నిండకపోతే వేడికీ చలికీ అక్కడి నుంచే సాగుతుంది. అయితే చేసేవాడి తప్పు లేకపోయినా సాగే సందర్భాలు కొన్ని ఉన్నాయి. అందుకే నేను పని మొదలుపెట్టే ముందు రెండు విషయాలు చెప్పి, సంతకం తీసుకుంటాను: ఒకటి, మచ్చ పూర్తిగా మాయం కాదు, దగ్గరగా చూస్తే గుర్తు కనిపిస్తుంది; రెండు, పని జరిగేటప్పుడుగానీ తరువాతగానీ పగులు సాగితే పుచ్చుకున్న సొమ్ము తిరిగి ఇస్తాను, అద్దం ఖరీదు మాత్రం ఇవ్వను.

కానూరు తమ్ముడు ముందుగా నేర్చుకోవలసింది కాదనడం. స్టీరింగుకు ఎదురుగా డ్రైవరు చూపు పడే చోట పెద్ద దెబ్బ ఉంటే వదిలేయండి. బ్రిటన్ ప్రమాణం బీఎస్ ఏయూ 242 ప్రకారం స్టీరింగుకు నడిమధ్యగా 290 మిల్లీమీటర్ల వెడల్పు గల పట్టీలో 10 మిల్లీమీటర్లకు మించిన దెబ్బను బాగుచేయకూడదు; మనకు అది నియమం కాకపోయినా, నేను దానినే కొలతగా పెట్టుకున్నాను. అంచు దాకా పోయిన పగులు, లోపలి పలకకూ తగిలిన దెబ్బ, మధ్య పొర తెల్లబారిన అద్దం, ఆరు నెలలుగా దుమ్ము, సబ్బునీళ్లు తాగిన పాత పగులు, ఇవన్నీ మార్పిడికే వెళ్లాలి. జానెడు పగులును కూడా బాగుచేస్తామని బోర్డులు పెట్టేవాళ్లున్నారు. వాళ్ల పనే ఈయనకు కోపం తెప్పించింది.

విశ్రాంత_సర్వేయర్

నేను మోటారు బీమా సర్వేయరుగా చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. ఈ చర్చలో బీమా లెక్క లేకపోతే వ్యాపారం అర్థం కాదు కనుక రాస్తున్నాను. చాలామంది కస్టమర్లు మీతో “ఇన్సూరెన్సు ఉంది కదండీ, అద్దమే మార్చేస్తాం” అంటారు. ఆ మాటకు మీ దగ్గర లెక్క సిద్ధంగా ఉండాలి.

మొదటగా, థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే అద్దానికి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉంటే అద్దానికి తరుగుదల కోత లేదు, కానీ రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం కోత ఉంటుంది. తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిములో కారు యజమానే పెట్టుకునే సొమ్ము, 1500 సీసీ లోపు ప్రైవేటు కారుకు 1,000 రూపాయలు, ఆపైన 2,000 రూపాయలు. అంటే 1,000 లోపు అయ్యే రెసిన్ పనికి క్లెయిము అన్న ఊసే రాదు.

అసలు దెబ్బ, క్లెయిము చేయని ఏడాదులకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపైన నో క్లెయిమ్ బోనస్‌లో తగులుతుంది. అది ఏడాదికేడాది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది; ఒక్క క్లెయిముతో సున్నాకు పడుతుంది. ఒక ఉదాహరణ వేద్దాం. ఒకరి సొంత నష్టపు ప్రీమియం (తన కారు నష్టానికి కట్టే భాగం) బోనస్ తీయకముందు 9,000 రూపాయలనీ, ఆయన 50 శాతం మెట్టు మీద ఉన్నారనీ అనుకోండి. లెక్క సులువుగా ఉండటానికి ప్రీమియం మారదనుకుందాం. క్లెయిము చేస్తే వచ్చే అయిదు రెన్యువళ్లలో ఆయన అదనంగా కట్టేది వరుసగా 4,500, 2,700, 2,250, 1,350, 450, మొత్తం 11,250 రూపాయలు. అద్దం 7,500 అయితే మినహాయింపు పోగా కంపెనీ ఇచ్చేది 6,500. ఆరున్నర వేల కోసం పదకొండు వేలు పోగొట్టుకోవడమన్నమాట. బోనస్ రక్షణ కవరు తీసుకున్నవారికి ఈ లెక్క వర్తించదు; అద్దం ఖరీదే 30,000 దాటే కార్లకూ వర్తించదు, వారు క్లెయిము చేసుకోవడమే మేలు. ఈ రెండవ మాట కూడా మీరే కస్టమరుకు చెప్పండి. ఆ నిజాయితీ ఊరికే పోదు.

ఇంకొక చిన్న సంగతి. ఫాస్టాగ్ ముందు అద్దానికే అతికించి ఉంటుంది, ఊడదీస్తే పనికిరాదు. అద్దం మారిస్తే ఆ ట్యాగు కూడా కొత్తది తీసుకోవాలి. కాజ టోలు ప్లాజా దగ్గర ఈ సంగతి గుర్తొచ్చి తిట్టుకున్నవారిని చూశాను.

ట్రావెల్స్_యజమాని

నాకు 14 కార్లున్నాయి. హైదరాబాదు మార్గంలో కంచికచర్ల, పరిటాల దగ్గర కంకర క్వారీల టిప్పర్లు, ఇటు అమరావతి పనులకు వెళ్లే టిప్పర్లు కలిసి నా అద్దాలను బతకనివ్వడం లేదు. టార్పాలిన్ కప్పని టిప్పరు వెనుక వెళ్లవద్దని డ్రైవర్లకు ఎన్నిసార్లు చెప్పినా, ముందుకు పోవాలనే తొందరలో ఎవరూ వినరు.

మావంటివారికి కావలసింది మీ షెడ్డు కాదు. బండి పగలంతా తిరగాలి కాబట్టి, తెల్లవారుజామున 5 గంటలకు మా పార్కింగు దగ్గరకే వచ్చి, దెబ్బ తగిలిన రోజో మరునాడో పూడ్చి వెళ్లే మనిషి కావాలి. ఒక్కో దెబ్బకు 700 చొప్పున నెలకు ఏడెనిమిది దెబ్బలకు సొమ్ము ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. దెబ్బ తగలగానే దానిమీద పారదర్శకమైన టేపు ముక్క అతికించమని డ్రైవర్లకు నేర్పాను. దుమ్ము పడకుండా ఉంటుందని గుంటూరు వారే ఒకసారి చెప్పారు.

ఆటోనగర్_అద్దాల_పని

ట్రావెల్స్ వారు మంచి మాట చెప్పారు, కానీ తమ్ముడు ఒకటి గమనించాలి. ట్రావెల్స్ పని అంటే అప్పు పని. నెల దాటినా బాకీ తీర్చకపోతే పని ఆపాలి. నాకు ఇప్పటికీ రెండేళ్లనాటి బాకీలున్నాయి (ఈ చర్చలో ఉన్నవారివి కావు, కంగారు పడవద్దు).

ట్రావెల్స్_యజమాని

నేను 10వ తేదీకల్లా ఇచ్చేస్తాను అన్నగారూ. మీకు తెలుసు.

పద్దుల_పుస్తకం

కాగితాల పని గురించి క్లుప్తంగా చెబుతాను. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ) నమోదు ఆన్‌లైనులో ఉచితం, దళారికి డబ్బు ఇవ్వవద్దు. సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు. అయితే పెద్ద కంపెనీల కార్లు పట్టుకోవాలంటే వారు జీఎస్టీ బిల్లే అడుగుతారు. దుకాణం లేకుండా స్కూటరు మీద చేసినా బ్యాంకులో ఒక కరెంటు (వ్యాపార) ఖాతా తెరిచి, యూపీఐ సొమ్మంతా అందులోకే రానివ్వండి. ఏడాది తరువాత ముద్రా రుణానికి వెళితే ఆ ఖాతా పత్రమే మీ తరఫున మాట్లాడుతుంది. శిశు విభాగంలో 50,000 వరకు, కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తారు. అత్తగారి 2 లక్షలు మాత్రం ముట్టుకోకండి. దీనికి ఏ చట్టమూ లేదు, నా అనుభవం.

సత్యనారాయణపురం_పాఠకుడు

అద్దం పనితోపాటు నల్ల ఫిల్ము అంటించే పని కూడా పెట్టుకుంటే ఆదాయం పెరుగుతుంది కదా?

విశ్రాంత_సర్వేయర్

వద్దు. 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన తరువాత ట్రాఫిక్ పోలీసులు ఆ ఫిల్ములను రోడ్డు మీదే చింపించారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 100 ప్రకారం ముందు, వెనుక అద్దాల నుంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల నుంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. ఆ తరువాత నిబంధనల్లో కొన్ని సవరణలు వచ్చినా, బజారులో అడిగే నల్ల ఫిల్ము ఆ కొలతకు నిలవదు. జరిమానా పడిన కస్టమరు ముందుగా వచ్చేది మీ దగ్గరకే.

కానూరు_మెకానిక్

అయిదు నెలల తరువాత మళ్లీ రాస్తున్నాను. షెడ్డు తీసుకోలేదు. పరికరాలు, లాంపు, రెసిన్, గొడుగు అన్నీ కలిపి 74,000 అయ్యాయి. మొదట ఆన్‌లైనులో 600 రూపాయల కిట్టు కొని, దాని ఇంజెక్టరు గాలిని లాగలేకపోవడంతో పారేసిన ఖర్చు అదనం. పాత సామాన్ల కొట్టు నుంచి 9 అద్దాలు తెచ్చి, మా డాబా మీద నెలన్నర సాధన చేశాను. మా అత్తగారు మొదట్లో నేను అద్దాలు కొనితెచ్చి పగలగొడుతుంటే మతి పోయిందనుకున్నారు.

ఉద్యోగం మానేసిన తరువాత మొదటి నెల 11 పనులు, రెండవ నెల 26, గత నెల 43 చేశాను. వాటిలో సగానికి పైగా రెండు ట్రావెల్స్ వారివి, ఒక డ్రైవింగు స్కూలువి. సగటున 750 చొప్పున వస్తోంది. ఆటోనగర్ అన్నగారికి పంపిన ఆరు మార్పిడులకు కమీషన్ వచ్చింది. రామవరప్పాడు రింగు దగ్గర ఒక పని మాత్రం దెబ్బకొట్టింది: ఎండ తగ్గలేదని తెలిసి కూడా, కస్టమరు తొందరపెడితే మధ్యాహ్నం 3 గంటలకు పనిచేశాను, కళ్లముందే పగులు జానెడు సాగింది. సంతకం కాగితం ఉంది కానీ, తప్పు నాదే కనుక అద్దం ఖరీదులో సగం ఇచ్చాను.

ఇప్పుడు ఒక సందేహం ఉంది. వానలు మొదలయ్యాక వచ్చే బండ్ల దెబ్బల్లో తడి ఉంటోంది. రెసిన్ నింపిన తరువాత పాలు కలిపినట్టు తెల్లటి మసక మిగులుతోంది. ఏం చేయాలి?

గుంటూరు_రెసిన్

ఆ మసక నీటిదే. తడి ఉన్న దెబ్బలోకి రెసిన్ వేయకూడదు. ముందు ఇంజెక్టరును ఖాళీగా బిగించి అయిదు నిమిషాలు గాలిని లాగండి. తరువాత అద్దం లోపలి వైపు నుంచి, దూరంగా పట్టుకుని, చేయి ఓర్చుకునేంత వెచ్చదనంతో ఆరబెట్టండి; లైటరు మంట చూపించేవాళ్లున్నారు, అది పగులును సాగదీస్తుంది. గాజు మళ్లీ మామూలు చల్లదనానికి వచ్చాకనే రెసిన్ ఎక్కించండి. రోజంతా వానలో నానిన బండి అయితే ఆ పూట ఒప్పుకోకండి. టేపు అంటించి, నీడలో పెట్టించి, మరునాడు వెళ్లండి. రామవరప్పాడులో సగం ఖరీదు ఇవ్వడం మంచి పని చేశారు.

బందరు_రోడ్డు_వాసి

కానూరు వారికి ఒక అభ్యర్థన. నేను మార్పించుకున్న కొత్త అద్దానికి మొన్న వారధి మీద మళ్లీ రాయి తగిలింది. కుడివైపు అడుగున, పెసరగింజంత ఉంటుంది. టేపు అంటించి ఉంచాను. సంతకం కాగితం తెచ్చుకుని రండి, ఉదయం 7 గంటలకు బండి నీడలోనే ఉంటుంది.